పర్సులో పట్టేదా, చేతికి కుదిరేదా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది డల్లాస్ దగ్గర ఫ్రిస్కో. రియల్ ఎస్టేట్ ఏజెంటుగా పనిచేస్తున్నాను. సెలీనా, ప్రాస్పర్ వైపు కొత్త ఇళ్ళు చూపించడానికి చాలాసార్లు ఒక్కదాన్నే వెళ్ళాల్సి వస్తుంది. కిందటి నెల ఒకతను ఖాళీ ఇంట్లోకి రాగానే లోపల గడియ పెట్టాడు. ఫోన్ వచ్చినట్టు నటిస్తూ గరాజ్ గుండా బయటపడ్డాను. అప్పటి నుంచి ఒక హ్యాండ్‌గన్ కొనుక్కోవాలని ఉంది. ఇంతవరకు ఎప్పుడూ కాల్చలేదు. పైకి కనపడకుండా వెంట పెట్టుకోవడానికీ, షూటింగ్ రేంజ్‌లో క్రమం తప్పకుండా ప్రాక్టీసుకీ ఒకటే సరిపోవాలి. బడ్జెట్ 700 డాలర్లు. షాపులో గులాబీ రంగు బుల్లి .380 పిస్టల్ (.380 అంటే తూటా సైజు) చూపించి ‘లేడీస్ అంతా ఇదే తీసుకుంటారు’ అన్నారు. మా మరిది రివాల్వర్ కొనమంటున్నాడు, అదైతే జామ్ కాదట. మాకు గ్రీన్ కార్డు వచ్చి ఏడాదైంది. పిల్లలకి 11, 7 ఏళ్ళు. అత్తయ్య, మామయ్య విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఏది కొనమంటారు?
– ఒక సోదరి, ఫ్రిస్కో

సమాధానం: ఆ గులాబీది మాత్రం కొనకండి, చెల్లెమ్మా. రంగుతో నాకేం పేచీ లేదు. పద్నాలుగేళ్ళ కిందట హ్యూస్టన్‌లో నేను కొన్న మొదటి తుపాకీ అలాంటిదే. బరువు పావుకిలో పైచిలుకు. షాపులో చేతిలోకి తీసుకుంటే ముచ్చటేసింది. రేంజ్‌లో రెండో మ్యాగజైన్ (తూటాలు నింపి పిడిలో దూర్చే పెట్టె) అయ్యేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కందిపోయింది. పిడి ఎంత పొట్టిదంటే చిటికెనవేలు గాల్లోనే వేలాడేది. మూడుసార్లు వెళ్ళాను. నాలుగో శనివారం ఇంట్లో ఏదో పని ఉందని మానేశాను. ఆ తర్వాత ప్రతి శనివారం ఏదో ఒక పని తగులుతూనే ఉంది. ఏడాదిన్నర అది లాకర్లో పడుంది. దాంతో నేను నేర్చుకున్నదల్లా ట్రిగ్గర్ నొక్కేముందు కళ్ళు మూసుకోవడం. ఆ అలవాటు వదిలించుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

బుల్లెట్ ముందుకు దూసుకుపోయినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది. తుపాకీకి బరువుంటే ఆ తన్నులో కొంత అదే మింగేస్తుంది. లేకపోతే మొత్తం మన చేతికే. పైగా బుల్లి తుపాకీకి గురి చూసే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం తక్కువ. చెయ్యి వెంట్రుకవాసి కదిలినా కాగితం మీద గుండు జానెడు అవతల పడుతుంది. చిన్న తుపాకీ చేయి తిరిగినవాళ్ళ తుపాకీ. దాన్ని తెచ్చి అసలు కాల్చడమే తెలియనివాళ్ళకి అంటగడతారు, అందులోనూ ఆడవాళ్ళకి. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మీ మరిదిగారి మాటలో నిజం లేకపోలేదు. రివాల్వర్‌లో ఇరుక్కుపోయే భాగాలు తక్కువే. కానీ బట్టల్లో దాచుకునే సైజులో స్మిత్ అండ్ వెసన్ 642, రూగర్ ఎల్‌సీఆర్ లాంటివి నాలుగు వందల గ్రాముల చుట్టుపక్కల ఉంటాయి, పట్టేది ఐదు తూటాలు. ప్రతిసారీ ట్రిగ్గర్‌ని దాదాపు ఐదు కిలోల బలంతో లాగాలి. అలా లాగుతుంటే కొత్తవాళ్ళకి గొట్టం పక్కకి తిరిగిపోతుంది. .38 తూటాల డబ్బా 9 ఎంఎం కంటే ఖరీదు కూడా. మరిదిగారి దగ్గర అలాంటిది ఉంటే, ఐదు తూటాలు పేపరు ప్లేటు మీద ఏడు గజాల నుంచి కాల్చి చూపించమనండి. నాలుగు తగిలితే నా నమస్కారాలు చెప్పండి.

ఇక మీకు నప్పేది. తూటా 9 ఎంఎం. దీని గురించి ఎక్కువ ఆలోచించకండి. నూరేళ్ళు దాటిన తూటా ఇది, ఎక్కడైనా దొరుకుతుంది, తన్ను భరించగలిగేంతలో ఉంటుంది. 50 ప్రాక్టీసు తూటాల డబ్బా సుమారు 15 డాలర్లు. .380 బలంలో దీనికంటే తక్కువ, ధరలో ఎక్కువ. క్రమం తప్పకుండా కాలుస్తానంటున్నారు కాబట్టి ఏడాది తిరిగేసరికి తుపాకీ కంటే తూటాలకే ఎక్కువ ఖర్చవుతుంది.

సైజు మధ్యరకం. గ్లాక్ 19 అనేది ఈ మధ్యరకానికి కొలబద్ద లాంటిది. నాలుగు అంగుళాల గొట్టం, 15 తూటాల మ్యాగజైన్, ఖాళీ మ్యాగజైన్‌తో ఆరు వందల డెబ్భై గ్రాములు. రేంజ్‌లో హాయిగా ఉంటుంది. సన్నటి నడుముకి దాన్ని దాచడమే కాస్త కష్టం, ఎందుకంటే అది లావు. అందుకే మీరు సిగ్ పీ365 ఎక్స్ఎల్, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్, గ్లాక్ 43ఎక్స్ కూడా చూడండి. ఇవి మందంలో దాదాపు అంగుళం. పిడి మాత్రం మూడు వేళ్ళకీ చోటిచ్చేంత పొడుగు, 43ఎక్స్‌లో 10, ఎక్స్ఎల్‌లో 12 తూటాలు పడతాయి. స్లయిడ్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే తుపాకీ పైభాగం) లాగడం మీ వల్ల కాకపోతే షీల్డ్ ఈజీ అని ఒకటుంది, దాని స్ప్రింగు మెత్తన. ఎనిమిదే తూటాలు, కానీ కీళ్ళ నొప్పులున్న పెద్దావిడ కూడా దాన్ని లాగడం నా కళ్ళతో చూశాను.

స్లయిడ్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. షాపులో చాలామంది ఆడవాళ్ళు రెండు వేళ్ళతో పట్టకారులా పట్టుకుని లాగుతారు, రాదు. ‘నాకు బలం లేదు, చిన్నది చూపించండి’ అంటారు. అసలు చిన్నవాటి స్ప్రింగే తరచూ ఇంకా బిగుతు! తుపాకీని ఛాతీకి దగ్గరగా తెచ్చుకోండి, గొట్టం ఎదుటి గోడ వైపే ఉండాలి. ఎడమ అరచేతిని పైనుంచి బోర్లించి స్లయిడ్ వెనక భాగాన్ని నాలుగు వేళ్ళతో, అరచేతి మడమతో బిగించి పట్టుకోండి. ఎడమ చెయ్యి కదలకూడదు. కుడిచేత్తో పిడిని ముందుకి గట్టిగా తొయ్యండి. కొబ్బరి తురిమిన చేతులకి ఇది లెక్కలోది కాదు.

కొనేముందు అద్దెకి తీసుకోండి. మీ వైపు ఇండోర్ రేంజ్‌లు చాలావాటిలో కౌంటర్ దగ్గర తుపాకులు అద్దెకిస్తారు, లేన్ ఫీజుకి కొంత అదనం. మొదటిసారి ఒంటరిగా వెళ్ళకండి, మొదటి పాఠం నేర్పే క్లాసుకి డబ్బు కట్టండి. ఒక్కో తుపాకీతో ఇరవై తూటాలు కాల్చండి. చిటికెనవేలు పిడి మీద నిలుస్తోందా, పట్టు మార్చకుండా చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ని అందుకుంటోందా, ఇరవయ్యో తూటా దగ్గర ‘ఇంకో పది కాలిస్తే బాగుణ్ణు’ అనిపిస్తోందా, లేక ‘అయిపోతే చాలు’ అనిపిస్తోందా చూసుకోండి. ఆ చివరిదాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

రేంజ్‌కి చున్నీ వద్దు, మెడ దిగిన కుర్తీ వద్దు, గొలుసులు లోపలికి వేసుకోండి. పేలిన ప్రతిసారీ కాలే కాలే ఇత్తడి తొడుగు ఒకటి పక్కకి ఎగిరి పడుతుంది. మా రేంజ్‌లో ఒకమ్మాయికి అది మెడ దగ్గర నుంచి లోపలికి జారింది. ఆ మంటకి కెవ్వుమని తుపాకీ చేత్తోనే వెనక్కి తిరగబోయింది. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ మణికట్టు పట్టుకుని గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచాడు కాబట్టి సరిపోయింది. లోపల ఏం కాలుతున్నా ముందు తుపాకీ కింద పెట్టి, ఆ తర్వాతే గెంతండి. చెవుల్లోకి దూది లాంటి ప్లగ్గులు, వాటి మీద ఇయర్ మఫ్‌లు, రెండూ వాడండి. ఇండోర్‌లో ఒక్కటి చాలదు. బయటికి రాగానే సబ్బు పెట్టి చన్నీళ్ళతో చేతులు కడుక్కోండి, సీసం పొడి అంటుకుని ఉంటుంది. బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని దగ్గరికి తీసుకోండి.

డబ్బు లెక్క చూద్దాం. మీ 700 మొత్తం తుపాకీ మీద పెట్టొద్దు. తుపాకీకి 450–500 దాటకుండా చూసుకోండి. మంచి హోల్‌స్టర్‌కి 70–80, గట్టి బెల్టుకి 40–50 పోతాయి, మిగిలింది మఫ్‌లకీ మొదటి తూటాలకీ. లాకర్‌కి వేరే చూసుకోవాలి, దాన్ని బడ్జెట్లో కలపకండి, ఇంట్లో పిల్లలున్నాక అది తప్పనిసరి సామాను. సెకండ్‌హ్యాండ్‌ది కొన్నా తప్పులేదు. కాకపోతే కంపెనీ వెబ్‌సైట్లో సీరియల్ నంబరు కొట్టి, రీకాల్ ఏమన్నా ఉందేమో చూసుకోండి.

హోల్‌స్టర్ అంటే ట్రిగ్గర్ భాగాన్ని పూర్తిగా కప్పేసే గట్టి ప్లాస్టిక్ తొడుగు. కైడెక్స్ అంటారు. మెత్తటి గుడ్డ సంచులు వద్దు. పర్సులో మాత్రం అస్సలు పెట్టుకోకండి. మన పర్సు ఎక్కడెక్కడ ఉంటుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి: గుడి బయట చెప్పుల పక్కన, కాస్ట్‌కో బండిలో, ఫ్రెండ్ వాళ్ళ మంచం మీద కోట్ల గుట్టలో. చూయింగ్ గమ్ కోసం మీ చిన్నవాడు చెయ్యి పెట్టేది దాంట్లోనే. తుపాకీ ఒంటి మీద ఉండాలి, లేదా లాకర్లో ఉండాలి. మూడో చోటు లేదు.

మరి బట్టలు? లూజు కుర్తీ తుపాకీని భేషుగ్గా దాస్తుంది, కానీ కింద లెగ్గింగ్స్‌కి బెల్టు ఎక్కడ తగిలిస్తారు? పనికి వెళ్ళేటప్పుడు బెల్టు ఉచ్చులున్న ప్యాంటు, దాని మీద కుర్తీ వేసుకుంటే సమస్య తీరుతుంది. పొట్ట చుట్టూ కట్టుకునే బ్యాండులు ఉన్నాయి. కొంటే ట్రిగ్గర్ దగ్గర గట్టి తొడుగున్నదే కొనండి. చీర రోజున ఇంట్లో వదిలేయండి. మొదటి రెండు వారాలు తుపాకీ లేకుండా ఖాళీ హోల్‌స్టర్ ఒక్కటే పెట్టుకుని ఇంట్లో తిరగండి. వంగి డిష్‌వాషర్ సర్దండి, కారెక్కి దిగండి. ఎక్కడ గుచ్చుకుంటుందో, కుర్తీ ఎక్కడ పైకి లేస్తుందో తెలిసిపోతుంది.

ఇప్పుడు చట్టం. మీరు అడగలేదు గానీ మన ఇళ్ళలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కొనవచ్చు, పౌరసత్వం అక్కర్లేదు. లైసెన్సున్న షాపులో హ్యాండ్‌గన్ కొనడానికి 21 ఏళ్ళు నిండాలి. 4473 అనే ఫారం నింపిస్తారు, ఎఫ్‌బీఐ తనిఖీ జరుగుతుంది. గ్రీన్ కార్డు మీదున్న నంబరు అడుగుతారు, కార్డు తీసుకెళ్ళండి. డ్రైవింగ్ లైసెన్సు మీద ఇప్పటి చిరునామా ఉందో లేదో ముందే చూసుకోండి. కొత్తిల్లు కొని పాత అపార్ట్‌మెంట్ అడ్రసుతో తిరిగేవాళ్ళు మనలో కోకొల్లలు, అంతదూరం వెళ్ళి ఉత్తచేతులతో వస్తారు.

అత్తయ్యగారు, మామయ్యగారు విజిటర్ వీసా మీద ఉన్నారన్నారు. హెచ్-1బి, ఎఫ్-1, బి-2 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, కానీ వాటి జోలికి లాయర్‌ని అడగకుండా వెళ్ళొద్దు. రేంజ్‌లో అద్దె తుపాకీ ఐదు నిమిషాలు పట్టుకున్నా పట్టుకున్నట్టే. ‘మామయ్యా, ఒకసారి కాల్చి చూడండి, ఫోటో తీస్తాను’ అన్న సరదా వద్దు. వారాంతం భోజనానికి వచ్చే ఎం.ఎస్. చదివే మేనల్లుడికీ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో లాకర్ కోడ్ మీకూ మీవారికీ తప్ప ఎవరికీ తెలియకూడదు. ఇంకొకరి కోసం మీ పేరు మీద కొనివ్వడం కూడా నేరమే. గ్రీన్ కార్డు మీద ఉన్నంతకాలం తుపాకీ నేరానికి శిక్ష పడితే, మనల్ని దేశం నుంచి పంపించడానికి అదొక్కటే చాలు. పౌరసత్వం వచ్చిన మీ పక్కింటావిడకి లేని రిస్కు ఇది.

టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టప్రకారం అర్హత ఉండి 21 నిండినవాళ్ళు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. అయినా లైసెన్సు తీసుకోండి. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకీతో తిరగడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. ఫ్రిస్కోలో బడి తగలకుండా ఏ ఇల్లు చూపిస్తారు మీరు? బడి భవనంలోకి మాత్రం లైసెన్సున్నా తీసుకెళ్ళకూడదు. లైసెన్సుకి నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, ఆపైన 50 తూటాల పరీక్ష. మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి కాల్చాలి, 250కి 175 వస్తే పాసు. లోపలికి తుపాకీ తేవద్దని తలుపుల మీద పెట్టే 30.06, 30.07, 51% అనే బోర్డులు ఒక్కొక్కటి ఏం చెప్తాయో క్లాసులో శ్రద్ధగా వినండి. మన గుళ్ళలో కూడా ఆ బోర్డులుంటాయి. మీ బ్రోకరేజీ ఆఫీసు నిబంధనలేమిటో ముందే కనుక్కోండి.

ప్రాక్టీసు గురించి ఒక్క చిట్కా. డమ్మీ తూటాలు అమ్ముతారు, పేలవు. పక్కనున్నవాళ్ళని మీకు కనపడకుండా మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య రెండు డమ్మీలు కలిపి పెట్టమనండి. డమ్మీ వచ్చినప్పుడు ‘టిక్’ మంటుంది అంతే. ఆ క్షణంలో గొట్టం కిందకి దణ్ణం పెట్టిందంటే, చప్పుడు రాకముందే మీరు బెదిరారన్నమాట. నాకు మొదటిసారి ఎంత దణ్ణం పెట్టిందంటే సిగ్గేసింది. వారానికి 50 తూటాలు చాలు. మొదటి మూడు నెలలు మూడు నుంచి ఏడు గజాల లోపే, లక్ష్యం బర్త్‌డే పార్టీలో మిగిలిన పేపరు ప్లేటు. మన హైదరాబాద్ ఈశా సింగ్ ఒంటిచేత్తో కాలుస్తుంటే టీవీలో చూసి ఉంటారు, అది ఆ పోటీ నియమం. మీరు రెండు చేతులతోనే పట్టుకోండి.

గడియ పెట్టినవాడి సంగతి. ఆ రోజు మీరు చేసినదానికి మించి తుపాకీ ఏమీ చేసి ఉండేది కాదు. దాన్ని తీసే చెయ్యి అందుకునేంత దూరంలో అవతలివాడుంటే, కొత్తవాళ్ళ చేతిలో తుపాకీ ఎవరిదవుతుందో చెప్పలేం. తెలియని కస్టమర్ ముందు ఆఫీసుకి రావాలి, ఐడీ ఫోటో తీసుకోవాలి, ఇంట్లోకి అతను ముందు నడవాలి, మీరు తలుపు వైపు నిలబడాలి. ఇవి ఈ వారం నుంచే మొదలుపెట్టండి, తుపాకీ చేతికొచ్చి అది చేతికి అలవాటయ్యేదాకా ఎలాగూ ఆరు నెలలు పడుతుంది.

ఇంట్లో దాచే చోటు. బీరువాలో చీరల మధ్య, బియ్యం డ్రమ్ము వెనక, పూజగది పై అరలో అని మన బుర్రకి తట్టేవన్నీ పిల్లలకీ తెలుసు. పసుపు కోసం వెతికే అత్తగారి చేతికి ముందు తగిలేవి కూడా అవే. గోడకో మంచానికో బోల్టులతో బిగించిన చిన్న స్టీలు లాకర్ కొనండి. నిండిన తుపాకీ 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో పెద్దవాళ్ళ మీద కేసు పెడతారు. పిల్లలిద్దరికీ మీరే కూర్చోబెట్టి చెప్పండి: ఎవరింట్లో కనపడినా ముట్టుకోకుండా బయటికొచ్చి పెద్దవాళ్ళని పిలవాలి అని. పదకొండేళ్ళవాడికి ఇది ఫ్రెండ్ వాళ్ళింట్లోనే ముందు అవసరమవుతుంది.

ఇంకొక్కటి, సంచి గురించి. రేంజ్‌కి తీసుకెళ్ళే సంచి ఒకటి విడిగా పెట్టుకోండి, ముదురు ఎరుపో ఏదో, ఇంట్లో ఇంకెవరికీ అలాంటిది ఉండకూడదు. దాని మూలల్లో, జిప్పు అరల్లో తూటా ఒకటీ అరా మిగిలిపోతూనే ఉంటుంది. అత్తయ్యగారు తిరిగి వెళ్ళేటప్పుడు చాక్లెట్లు సర్దడానికి సంచి చాలక అదే తీసి ఇచ్చారనుకోండి, డల్లాస్ ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూలో తప్పించుకున్నా శంషాబాద్‌లో స్కానర్ పట్టుకోవచ్చు. లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. తెలియక వచ్చిందని కోర్టులు కొట్టేసిన కేసులున్నాయి, కానీ అప్పటిదాకా తిరగాల్సింది ఆ పెద్దవాళ్ళే. అందుకే సంచి గరాజ్‌లోనే ఉంచండి, దాని మీద మార్కర్‌తో తెలుగులో ‘ముట్టుకోవద్దు’ అని పెద్దక్షరాలతో రాయండి. మా ఇంట్లో నేను రాసింది అదే.